చవక రైఫిల్ ప్లాస్టిక్ స్టాక్: మార్చాలా, ఉన్నదాన్నే గట్టి చేయాలా?

నల్లరేగడి
అందరికీ నమస్కారం. నా దగ్గర .308 తూటా వాడే బోల్ట్ యాక్షన్ (ప్రతిసారీ చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించే) రైఫిల్ ఉంది. వేటకని కొన్న చవక రకం. బ్యారెల్, ట్రిగర్ రెండూ నచ్చాయి. చిక్కంతా స్టాక్ (చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం) తోనే. ఫోరెండ్ (బ్యారెల్ కింద ఉండే స్టాక్ ముందు భాగం) కొసనూ బ్యారెల్‌నూ కలిపి ఒక చేత్తో గట్టిగా పిండితే రెండూ అంటుకుంటున్నాయి. ఇసుక సంచి మీద పెట్టి కాలిస్తే గ్రూప్ (తూటాలు పడ్డ గుంపు) బాగానే ఉంటోంది. ముందు రెండు కాళ్ల బైపాడ్ తగిలించి, భుజంతో కాస్త ముందుకు నెట్టి కాలిస్తే 100 గజాల దగ్గర దాదాపు రెండంగుళాలు పైకి పోతోంది. దానికి తోడు చెంప ఆనడం లేదు. స్కోప్‌లోకి చూడాలంటే గడ్డం మాత్రమే స్టాక్‌కు తగులుతోంది.

లామినేట్ చెక్క స్టాక్ కొనాలా? అల్యూమినియం ఛాసిస్‌కి (స్టాక్ బదులు వాడే లోహపు చట్రం) వెళ్లాలా? లేక ఉన్నదాన్నే బాగు చేసుకోవచ్చా? నేను నడిచి వేటాడతాను, కాబట్టి బరువు పెరగడం ఇష్టం లేదు. చేసినవాళ్లు చెప్పండి.

పాతతాళం
యాక్షన్ స్క్రూల (లోహపు భాగాన్ని స్టాక్‌కు బిగించేవి) బిగువు ఎంత ఉందో చూశారా?

నల్లరేగడి
లేదండీ. కొన్నప్పటి నుంచి అసలు విప్పలేదు.

మరమేకు
అయితే స్టాక్ కొనే ఆలోచన ఓ నాలుగు రోజులు పక్కన పెట్టండి. ముందు మ్యాగజైన్ తీసి, బోల్ట్ బయటికి లాగి, ఛాంబర్‌లో ఏమీ లేదని కంటితో, వేలితో చూసుకోండి. తర్వాతే రెంచ్ పట్టుకోండి.

బిగువు ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. రూగర్ అమెరికన్ మాన్యువల్‌లో 60 నుంచి 80 ఇంచ్-పౌండ్లు అని ఉంటుంది, ఎందుకంటే దాని స్టాక్‌లో స్టెయిన్‌లెస్ స్టీలు వీ-బ్లాకులు రెండు ఉంటాయి, రిసీవర్ (బోల్ట్ కదిలే లోహపు భాగం) వాటిమీద కూర్చుంటుంది. లోపల లోహం లేని ఉత్త ప్లాస్టిక్‌కి అదే బిగువు పెడితే ప్లాస్టిక్ నలుగుతుంది, నలిగిన కొద్దీ స్క్రూ మళ్లీ వదులవుతుంది. కాబట్టి పక్కవాడి రైఫిల్ అంకె మీ రైఫిల్‌కి పనికిరాదు, మీ మాన్యువల్ చూడండి. రెంచ్ న్యూటన్ మీటర్లలో ఉంటే ఇంచ్-పౌండ్లను 8.85తో భాగించాలి. 65 అంటే 7.3 చిల్లర.

స్క్రూలు బిగించే ముందు రైఫిల్‌ను మడమ (స్టాక్ భుజానికి ఆనే కొస) మీద నిలువుగా నిలబెట్టండి. రిసీవర్ తన బరువుకే వెనక్కి జారి రీకాయిల్ లగ్ (కాల్చినప్పటి తన్నుడును స్టాక్‌కు చేర్చే లోహపు భాగం) దగ్గర ఆనుకుంటుంది. అలా ఆనిన తర్వాత రెండు స్క్రూలూ చేతి బిగువు దాకా తెచ్చి, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా పూర్తి బిగువుకి తీసుకెళ్లండి. పడుకోబెట్టి బిగిస్తే లగ్ ముందు ఖాళీ పోయిందో, వెనక ఖాళీ మిగిలిందో తెలీదు. మొదటి రెండు మూడు తూటాలకు రిసీవర్ తనంతట తాను సర్దుకుంటుంది, ఆ తూటాలు మాత్రం గ్రూప్‌కి దూరంగా పడతాయి.

ఇంకో చిన్న పరీక్ష. బ్యారెల్, ఫోరెండ్ కలిసే చోట వేలికొన ఆనించి ముందు స్క్రూను మెల్లగా వదులు చేయండి. బ్యారెల్ పైకి లేచినట్టు వేలికి తెలిస్తే, రిసీవర్ వంపు తిరిగి కూర్చుందన్నమాట. డయల్ ఇండికేటర్ ఉంటే 0.002 నుంచి 0.003 అంగుళం దాటి కదిలితే బెడ్డింగ్ (రిసీవర్ కింద ఎపాక్సీ వేసి సమంగా కూర్చోబెట్టడం) అవసరం ఉన్నట్టే లెక్క.

గురిచుక్క
మరమేకు గారు చెప్పింది చేశాక, ఫోరెండ్ దోషమా కాదా అన్నది కాల్చి తేల్చుకోండి. ఒకే తూటా, ఒకే రోజు. ముందు సంచిని మ్యాగజైన్‌కి ఆనుకుని పెట్టి ఒక గ్రూప్, తర్వాత అదే సంచిని ఫోరెండ్ కొస కిందికి జరిపి ఇంకో గ్రూప్, చివరికి బైపాడ్ మీద ఒకటి. మధ్యలో బ్యారెల్ పూర్తిగా చల్లారనివ్వాలి. సన్న బ్యారెల్ వేడెక్కితే అదే ఒక కొత్త సమస్య, రెండూ కలిసిపోతే ఏమీ తేలదు.

మూడేసి తూటాలతో తీర్పు చెప్పొద్దని బతిమాలుతున్నా. మూడు తూటాల గ్రూప్ అదృష్టం కొద్దీ చిన్నగానూ వస్తుంది, పెద్దగానూ వస్తుంది. పదేసి కాల్చండి, వరసగా కాకపోయినా ఒకే కాగితం మీద. గ్రూప్ సైజు కంటే గ్రూప్ నడిమి ఎక్కడుందో చూడండి. సంచి జరిపితే గానీ బైపాడ్ మీద గానీ నడిమి జరిగిందంటే దోషం ఫోరెండ్‌ది. నడిమి కదలకుండా చెదిరిపోతుంటే దోషం బెడ్డింగ్‌దో, స్కోప్ మౌంట్‌దో, తూటాదో. దానికి స్టాక్ మార్చి లాభం లేదు.

మెట్టదారి
బరువు వద్దంటున్నారు కదా, అయితే ఛాసిస్ మాట మర్చిపోండి. ఛాసిస్ బెంచ్ మీద, పోటీల్లో గొప్ప వస్తువు. చలికాలం తెల్లవారకముందు ఆ అల్యూమినియాన్ని ఉత్త చేత్తో పట్టుకుని కొండెక్కినవాళ్లకే తెలుస్తుంది అది వేటకి ఎంత పనికొస్తుందో. లామినేట్ కూడా ఫ్యాక్టరీ ప్లాస్టిక్ కంటే బరువే. నేనైతే ఉన్నదాన్నే గట్టి చేస్తాను.

చిత్రిక
మెట్టదారి అన్నా, లామినేట్‌ని అంత తేలిగ్గా తీసేయకండి. బరువు పెరిగిన మాట నిజం, ఆ బరువు .308 తన్నుడును తగ్గిస్తుందన్నదీ నిజమే. పలుచని చెక్క పొరలను జిగురుతో అద్ది ఒత్తిన దిమ్మె కాబట్టి ఒకే ముక్క వాల్‌నట్ లాగా తేమకు మెలితిరగదు. ఫోరెండ్ చేత్తో పిండితే వంగనే వంగదు. కూంబ్ (స్టాక్ మీద చెంప ఆనే చోటు) ఎత్తు, పట్టు ఆకారం ఎంచుకుని తెప్పించుకోవచ్చు. నల్లరేగడి గారికి చెంప సమస్య కూడా ఉంది కదా, రెండూ ఒకేసారి తీరతాయి.

అయితే రెండు విషయాలు. వచ్చింది వచ్చినట్టు బిగించేసి ఊరుకోకూడదు. బ్యారెల్ గాడి లోపల, రీకాయిల్ ప్యాడ్ కింద, స్క్రూ రంధ్రాల్లో చాలాసార్లు పూత సరిగా ఉండదు. పాలీయురేథేన్‌తో గానీ టంగ్ ఆయిల్‌తో గానీ అక్కడంతా మూసేయాలి. రెండోది, రిసీవర్ తోక (వెనక కొస) వెనక చెక్కకు సన్నటి ఖాళీ ఉండాలి. అది లేకపోతే తన్నుడంతా లగ్ బదులు తోక మీద పడి, పట్టు దగ్గర చెక్క చీలుతుంది. తోక వెనక వెంట్రుక మందం చీలిక కనిపించిన స్టాక్‌లన్నీ దాదాపు ఇదే కథ.

మెట్టదారి
తమ్ముడూ, చెక్క మీద నీకున్న ప్రేమ తెలుసు, కాదనను. కానీ ఆయన నడిచి వేటాడతానన్నాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా భుజాన మోసేది బరువునే. కాల్చేది ఒక్కసారి. ఆ ఒక్కసారి తన్నుడు ఎవరికీ గుర్తుండదు.

పాతతాళం
స్టాక్ మార్చేవాళ్లు మ్యాగజైన్ సంగతి ముందే చూసుకోవాలి. చవక రైఫిళ్లు కొన్నింట్లో మ్యాగజైన్ కొక్కెం స్టాక్ ప్లాస్టిక్‌నే పట్టుకుని ఉంటుంది, అడుగున లోహపు చట్రం (బాటమ్ మెటల్) అంటూ ఏమీ ఉండదు. కొత్త స్టాక్‌లో పాత మ్యాగజైన్ కూర్చోకపోవచ్చు. ఉదాహరణకు రూగర్ అమెరికన్ షార్ట్ యాక్షన్‌కి మ్యాగ్‌పుల్ హంటర్ స్టాక్ వేస్తే రైఫిల్‌తో వచ్చిన గుండ్రటి రోటరీ మ్యాగజైన్ వదిలేసి పెట్టె ఆకారపు ఏఐసీఎస్ రకం మ్యాగజైన్లకు మారాల్సి ఉంటుంది. అవి మంచివే, కానీ కిందికి పొడుచుకొస్తాయి. రైఫిల్‌ని నడుం దగ్గర చేతిలో పట్టుకుని నడిచేవాళ్లకు సరిగ్గా ఆ పట్టుకునే చోటే అడ్డం.

థంబ్‌హోల్ (బొటనవేలు దూరే రంధ్రం ఉన్నవి), మడత స్టాక్‌లను కొన్నిచోట్ల చట్టం వేరే లెక్కలో చూస్తుంది. కొనేముందు మీ లైసెన్స్ నిబంధనలు చదువుకోండి.

నల్లరేగడి
అందరికీ ధన్యవాదాలు. మాన్యువల్ ప్రకారం బిగించాను. వెనక స్క్రూ చాలా వదులుగా ఉంది. గురిచుక్క గారు చెప్పినట్టే మూడు రకాలుగా కాల్చాను. బిగించాక గ్రూప్ సైజు తగ్గింది. సంచి మ్యాగజైన్ దగ్గర పెట్టినా కొస దగ్గర పెట్టినా నడిమి పెద్దగా కదల్లేదు. బైపాడ్ మీద మాత్రం ఇంకా అంగుళంన్నర పైకి పోతోంది. వేలి పరీక్షలో బ్యారెల్ కదలిక ఏమీ తెలియలేదు.

గురిచుక్క
అంటే బెడ్డింగ్ బాగానే ఉంది. ఫోరెండ్ వంగి బ్యారెల్‌ని కింద నుంచి నెడుతోంది. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు, ఫోరెండ్ ఒక్కటీ గట్టి చేయండి చాలు.

తూర్పుగాలి
ఈ పని నేను చాలా రైఫిళ్లకు చేసిపెట్టాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

రిసీవర్ తీసి ఫోరెండ్ లోపలికి చూస్తే అడ్డంగా సన్నటి ప్లాస్టిక్ గోడలు, వాటి మధ్య ఖాళీ గళ్లు కనిపిస్తాయి. అచ్చులో పోసేటప్పుడు ప్లాస్టిక్ ఆదా కోసం అలా చేస్తారు. చాలామంది ఆ గళ్లను ఎపాక్సీతో నింపేసి అయిపోయిందనుకుంటారు. ఎపాక్సీ ఒక్కటే పోస్తే బరువు బాగా పెరుగుతుంది, గట్టిదనం మాత్రం అనుకున్నంత రాదు. పొడవునా ఒక కడ్డీ ఉండాలి. కార్బన్ బాణం గొట్టాలు దీనికి భలే సరిపోతాయి. తేలిక, వంగవు. అల్యూమినియం గొట్టం కూడా ఫర్వాలేదు.

కడ్డీ ఎక్కడ పెడుతున్నామన్నదే అసలు కిటుకు. ఏ దూలమైనా వంగేటప్పుడు దాని నడిమి పొర సాగదు, కుదించుకోదు. భారమంతా పైపొర, కింది పొర మోస్తాయి. నడిమి నుంచి దూరం రెట్టింపయితే ఆ కడ్డీ చేసే మేలు నాలుగింతలు. అందుకని గొట్టాలను గాడి మధ్యలో తేల్చకండి. ఒక గొట్టం ఫోరెండ్ అడుగుకు ఆనేలా, మిగతావి కుడి ఎడమ గోడలకు ఆనేలా బ్యారెల్ గాడి కిందిదాకా పైకి పెట్టండి. అడుగుదీ పైవీ కలిసి బైపాడ్ తోసే పైవంపును ఆపుతాయి. గోడల పక్కవి స్లింగ్ (రైఫిల్‌ను భుజాన వేసుకునే పట్టీ) లాగే పక్కవంపును ఆపుతాయి. స్లింగ్ చేతికి చుట్టుకుని కాల్చేవాళ్లకు ఇది బైపాడ్ కంటే ముఖ్యం.

చిన్న గ్రైండర్ బిట్‌తో అడ్డగోడల్లో గొట్టం పట్టేంత గాడి తీయండి. కార్బన్ గొట్టం కోసేటప్పుడు ముక్కుకి మాస్క్ ఉండాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. గొట్టాలు రిసీవర్ ముందు భాగం దగ్గర నుంచి కొస దాకా రావాలి. ఎక్కువమంది వాటిని పొట్టిగా కోసి కొస దగ్గరే పెడతారు, వంగేదేమో ఫోరెండ్ మొదట్లో! అక్కడ బలం లేకపోతే మిగతాదంతా వృథా. అలాగని ముందు స్క్రూ రంధ్రంలోకి, లగ్ గూట్లోకి వెళ్లకూడదు. బైపాడ్ స్టడ్ నట్టు చుట్టూ మాడెలింగ్ క్లే పెట్టి కాపాడుకోండి.

ఎపాక్సీని ఒకేసారి పోయొద్దు. మందంగా పోస్తే గట్టిపడేటప్పుడు దాని వేడికి పలుచని ప్లాస్టిక్ గోడ ఉబ్బుతుంది, తర్వాత సరిచేయలేం. మూడు నాలుగు విడతల్లో పోయండి, ఒక్కో విడత చల్లారాకే తర్వాతిది. ఐదు నిమిషాల్లో ఆరే రకం అసలు వద్దు. మెల్లగా ఆరేదే బలంగా ఉంటుంది. బరువు తగ్గాలంటే ఎపాక్సీలో గాజు మైక్రోబెలూన్లు (లోపల డొల్లగా ఉండే సన్నటి గాజు పొడి) కలపొచ్చు.

చివరిది: బ్యారెల్ గాడి అంచు కంటే కిందే ఆపండి. పని అయ్యాక మందపాటి కాగితం మడిచి బ్యారెల్ కింద నుంచి రిసీవర్ దాకా లాగితే ఎక్కడా పట్టకూడదు. బైపాడ్ మీద పెట్టి నెడుతూ కూడా లాగి చూడండి. మామూలుగా పెట్టినప్పుడు కాగితం జారి, నెట్టినప్పుడు పట్టిందంటే ఖాళీ ఇంకా చాలదు. గాడిని సాండ్ పేపర్‌తో కాస్త వెడల్పు చేయండి, గుండ్రటి కర్రకి పేపర్ చుట్టి రుద్దితే సమంగా వస్తుంది.

చిత్రిక
తూర్పుగాలి గారి మాటకు ఒకటి కలుపుతాను. ఈ స్టాక్‌లు నైలాన్ లేదా పాలీప్రొపిలీన్ రకం. ఎపాక్సీ వాటికి సరిగా అతుక్కోదు, ఆనుకుని ఉంటుందంతే. శుభ్రం చేసి, గరుకు చేసినా దాన్నే నమ్ముకోలేం. అందుకని అడ్డగోడలకు చిన్న రంధ్రాలు చేయండి, పక్క గోడల లోపలివైపు ఏటవాలుగా గాట్లు పెట్టండి. ఎపాక్సీ ఆ రంధ్రాల్లోంచి దూరి అటూ ఇటూ గడ్డకడితే ఇక ఊడే మార్గం ఉండదు. ఇది చేయకపోతే కొన్నాళ్లకు ఫోరెండ్ లోపల దిమ్మె వదులై టకటకమంటుంది. అడవిలో ఆ చప్పుడు చాలు జంతువు లేచిపోవడానికి.

మెట్టదారి
చప్పుడంటే గుర్తొచ్చింది. డొల్ల ప్లాస్టిక్ మడమకు కొమ్మ తగిలితే డప్పు మోగినట్టే మోగుతుంది. రీకాయిల్ ప్యాడ్ తీసి లోపల గట్టి ఫోమ్ ముక్కలు కుక్కండి. బరువు పెరగదు, మోత పోతుంది. ఉబ్బే ఫోమ్ స్ప్రే మాత్రం వద్దు, గోడలను బయటికి తోస్తుంది, లోపల చేరిన తడి ఆరదు.

గురిచుక్క
చెంప సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. నా దృష్టిలో వేటగాడికి ఫోరెండ్ కంటే ఇదే పెద్ద విషయం. గడ్డం మాత్రమే ఆనితే ప్రతిసారీ కన్ను వేరే చోట ఉంటుంది. స్కోప్‌లో పారలాక్స్ (కన్ను జరిగితే గురి గుర్తు కూడా జరిగినట్టు కనిపించడం) వల్ల గురి జరుగుతుంది, తన్నుడు చెంపకి తగులుతుంది, రెండో దెబ్బకి మళ్లీ స్కోప్ చిత్రం వెతుక్కోవాలి.

ముందు స్కోప్ ఎత్తు తగ్గుతుందేమో చూడండి. 50 మిల్లీమీటర్ల ఆబ్జెక్టివ్ (స్కోప్ ముందు కటకం) కోసం స్కోప్‌ను పట్టుకునే ఎత్తు రింగులు వేసి, కూంబ్ చాలడం లేదనేవాళ్లు చాలామంది. 40 మిల్లీమీటర్ల స్కోప్ అయితే తక్కువ రింగుల మీద కూర్చుంటుంది, సమస్య సగం అక్కడే తీరుతుంది. ఇంకా మిగిలితే చెంప ఆనే చోటు ఎత్తు పెంచే, పట్టీతో కట్టే చీక్ రైజర్. లోపల నీళ్లు పీల్చని ఫోమ్ ఉన్నది తీసుకోండి. ఎత్తు సరిపోయిందో లేదో ఇలా తెలుస్తుంది: కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప హాయిగా ఆనించి, కళ్లు తెరవండి. అంచుల్లో నల్లటి నీడ లేకుండా నిండు వృత్తం కనిపించాలి. కింద నీడ ఉంటే ఎత్తు పెంచాలి. ఖాళీ రైఫిల్‌తో అని మళ్లీ చెబుతున్నా. బోల్ట్ పూర్తిగా వెనక్కి లాగినప్పుడు రైజర్‌కి తగలకుండా ఉండాలి, అది మర్చిపోయి కట్టేస్తే అడవిలో రెండో తూటా ఎక్కదు.

పొడవు కూడా చూసుకోండి. ఫ్యాక్టరీ స్టాక్‌లలో ట్రిగర్ నుంచి మడమ దాకా 13.5, 13.75 అంగుళాల దగ్గర ఉంటుంది. చలికి మందపాటి కోటు వేసుకుంటే ఆ పొడవు ఎక్కువైపోయి మడమ చంకలో తట్టుకుంటుంది. వేటకి వేసుకునే బట్టలతోనే కొలుచుకోండి, ఇంట్లో చొక్కాతో కాదు.

నల్లరేగడి
పని పూర్తయింది. తూర్పుగాలి గారి పద్ధతిలో మూడు కార్బన్ గొట్టాలు, చిత్రిక గారు చెప్పిన రంధ్రాలు, గాట్లు. ఎపాక్సీ విడతలుగా పోశాను. ఇప్పుడు పిండినా ఫోరెండ్ కదలడం లేదు. బైపాడ్ మీద గ్రూప్ నడిమి, సంచి మీద నడిమి దాదాపు ఒకే చోట ఉన్నాయి. రింగులు తక్కువవి వేశాను, పైన సన్న రైజర్ కట్టాను. బరువు చేతికి తెలిసేంత పెరగలేదు. లామినేట్ అందం మనసులో ఉంది చిత్రిక గారూ, ఈ సీజన్‌కి మాత్రం ఇదే.

చిత్రిక
చాలా సంతోషం. గట్టిపడిన స్టాక్ చేతిలో ఉంటే తొందరేముంది.

పొద్దుతిరుగుడు
ఇదంతా చదివి నా రైఫిల్ విప్పాను. స్టాక్‌లోంచి ఒక ఉక్కు పలక ఊడి బల్ల మీద పడింది. ఇదేంటి? విరిగిపోయిందా? నేను లామినేట్ స్టాక్ తెప్పించుకోవాలనుకుంటున్నాను.

పాతతాళం
విరగలేదు, కంగారు పడకండి. అదే మీ రీకాయిల్ లగ్. శావేజ్ యాక్సిస్, టిక్కా టీ3 లాంటివాటిలో లగ్ రిసీవర్‌కి ఉండదు, స్టాక్‌లో కూర్చుంటుంది. రిసీవర్ అడుగున ఉన్న గాడి దాని మీద దిగుతుంది. టీ3లో ఆ లగ్ అల్యూమినియం, తర్వాత వచ్చిన టీ3ఎక్స్‌లో ఉక్కుకి మార్చారు. కొత్త స్టాక్‌తో లగ్ వస్తుందో రాదో అమ్మేవాళ్లను అడగండి. రాకపోతే ఇదే అందులోకి మార్చాలి. ఆ పలక లేకుండా రైఫిల్ బిగించి కాల్చొద్దు. తన్నుడంతా స్క్రూల మీద పడుతుంది.

పొద్దుతిరుగుడు
కొత్త చెక్క స్టాక్‌లో ఇది వదులుగా ఉంటే?

మరమేకు
వదులుగా ఉంటే అక్కడ బెడ్డింగ్ చేయాల్సిందే. మామూలు లగ్ పద్ధతికి ఇది కాస్త భిన్నం. రిసీవర్‌కి లగ్ ఉన్న రైఫిళ్లలో లగ్ వెనక ముఖం స్టాక్‌కు ఆనాలి, ముందు, పక్కలు, అడుగు టేప్ వేసి ఖాళీ ఉంచుతాం. మీదాంట్లో తన్నుడుకి రిసీవర్ వెనక్కి వచ్చినప్పుడు గాడి ముందు గోడ లగ్ ముందు ముఖాన్ని తోస్తుంది, లగ్ వెనక ముఖం చెక్కను తోస్తుంది. కాబట్టి లగ్‌ను స్టాక్‌లో విడిగా అతికించి, తర్వాత రిసీవర్ దించకండి. అది కొంచెం వంకరగా కూర్చున్నా ఒక మూలే ఆనుతుంది.

రిసీవర్ గాడికి, చుట్టుపక్కల లోహానికంతటికీ మైనపు పాలిష్ రెండు పూతలు పట్టించండి. స్క్రూ రంధ్రాలు, ట్రిగర్ గూడు, మ్యాగజైన్ గూడు క్లేతో మూయండి. ఒక్క రంధ్రం వదిలేసినా ఎపాక్సీ అందులోకి దూరి రిసీవర్ ఇక బయటికి రాదు. లగ్‌ను రిసీవర్ గాడిలోనే పెట్టి, ముందు గోడకు ఆనేలా చూసుకుని, చెక్క గూట్లో లగ్ వెనకా అడుగునా స్టీలు పొడి కలిసిన ఎపాక్సీ వేసి, మొత్తం కలిపి దించండి. బ్యారెల్‌కి కొస దగ్గర టేప్ చుట్లు చుడితే గాడి మధ్యలో నిలబడుతుంది. ఆరేదాకా స్క్రూలు వేళ్ల బిగువుకే. ఆ సమయంలో గట్టిగా బిగిస్తే వంపుతోనే గడ్డకడుతుంది, బెడ్డింగ్ చేసిన లాభం ఉండదు. డబ్బా మీద రాసిన సమయం పూర్తిగా ఆగి, ఆ తర్వాతే విప్పి, పొంగిన ఎపాక్సీ అంచులు చెక్కి, మాన్యువల్ బిగువుకి బిగించండి.